నేను నడిపితేనే ఆగుద్ది

మా నాన్న వయసు డెబ్బై మూడు. ఆయన బండి వయసు ఇరవై దాటింది. 2003లో సొసైటీలో గుమాస్తాగా పనిచేసేటప్పుడు కొన్న వంద సీసీ బండి అది. ఈ రెంటిలో ఏది ముందు రిటైరవ్వాలి అనే విషయమ్మీద మా ఇంట్లో రెండేళ్ళుగా చర్చ నడుస్తోంది. నాన్న అభిప్రాయం: ఏదీ కాదు. నా అభిప్రాయం: రెండూ. (నాన్న సొసైటీ నుంచి ఎప్పుడో రిటైరయ్యాడు. నేనంటున్నది బండి నడపడం నుంచి.)

పోయిన కార్తీకంలో ఒకరోజు రాత్రి అమ్మ ఫోన్ చేసి, "మీ నాన్న బండి మీంచి పడ్డార్రా" అంది. మరీ పడిపోలేదట. పొలం నుంచి వస్తుంటే కాలవ గట్టు మీద బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. కాలు ఆనించబోతే గడ్డి మీద జారి పక్కకి ఒరిగాడు. మోకాలు దోక్కుపోయింది, అంతే. వెనకాల వస్తున్న ట్రాక్టరతను చూసుకుని బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది అన్న ముక్క మాత్రం అమ్మ చెప్పలేదు. పక్కింటాయన చెప్పాడు, అదీ నాలుగు రోజులయ్యాక.

అసలు విషయమేంటంటే, అప్పటికి మూడు నెలలుగా బండి అలా ఆగుతూనే ఉంది. నాన్న మూడుసార్లు మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు. మొదటిసారి ప్లగ్గు, ప్లగ్గు క్యాపు మార్చారు. రెండోసారి కార్బురేటరు విప్పి కడిగారు. మూడోసారి సీడీఐ యూనిట్ మార్చారు. మొత్తం రెండు వేల చిల్లర అయింది. ప్రతిసారీ మెకానిక్కు బండి తీసుకుని తెనాలి రోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు కొట్టి వచ్చి, "బానే ఉంది బాబాయ్" అనేవాడు. ప్రతిసారీ వారం తిరక్కుండా కాలవ గట్టు మీద అది ఆగిపోయేది.

నేను ఫోన్లో అడిగాను, "అసలెలా ఆగుతోంది నాన్నా?" అని.

"ఎట్టా అంటే, పోతా పోతా ఆగిపోద్ది. హారన్ కూడా మోగదు. తాళం తీసి మళ్ళీ పెట్టి కిక్కు కొడితే లేస్తది. మెకానిక్కు నడిపితే ఆగదబ్బాయ్. నేను నడిపితేనే ఆగుద్ది."

ఈ ఐదు వాక్యాల్లోనే జవాబు మొత్తం ఉంది. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు వినబడింది మాత్రం చివరి వాక్యం ఒక్కటే. మెకానిక్కు నడిపితే ఆగని బండి నాన్న నడిపితే ఆగుతోందంటే తేడా ఎక్కడుంది? నాన్నలో ఉంది. క్లచ్ సరిగ్గా పట్టలేకపోతున్నాడు, గేరు తగ్గించడం మర్చిపోతున్నాడు, వయసైపోయింది. ఇంత సుళువైన లెక్కకి మల్టీమీటరు ఎందుకు!

"నీకు క్లచ్ పట్టడంలో ఏవన్నా తేడా వస్తోందేమో చూసుకో" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తరవాత, "అదే అయ్యుంటదిలే" అన్నాడు. మా నాన్న నా మాటకి అంత తొందరగా ఒప్పుకోవడం నాకు తెలిసి అదే మొదటిసారి. నేను దాన్ని నా గెలుపు కింద లెక్కేసుకున్నాను.

ఇంకో తప్పు కూడా చేశాను. ఇక్కడ ఒప్పేసుకుంటాను. ఆ మర్నాడు మెకానిక్కుకి ఫోన్ చేసి, "ఈసారి బండి తెస్తే ఇంక ఇది బాగవదు, అమ్మేసుకో బాబాయ్ అని చెప్పెయ్" అన్నాను. అతను ఇబ్బందిగా నవ్వి, "బండి మంచిదే కదన్నా" అన్నాడు. "నీకు పోయిన పని డబ్బులు నేనిస్తాలే" అన్నాను. ఆయన మంచికే చేస్తున్నాను అనుకున్నాను. అలా అనుకుంటే అబద్ధాలు చాలా సుఖంగా ఆడొచ్చు.

*

సంక్రాంతికి ఊరెళ్ళాను. వెళ్ళగానే నేను చేసిన మొదటి పని బండి తాళం అడగడం. నాన్న జేబులోంచి తాళాల గుత్తి తీసి, అందులోంచి బండి తాళం ఒక్కటీ ఊడదీసి ఇచ్చాడు. కాలవ గట్టు మీద పది కిలోమీటర్లు నడిపాను. గతుకులన్నీ వెతుక్కుని మరీ ఎక్కించాను. ఆగలేదు. ఇంటికొచ్చి, "బానే ఉంది" అన్నాను, అచ్చం మెకానిక్కు అన్నట్టే.

"నువ్వు నడిపితే ఆగదని చెప్పా కదా" అన్నాడు నాన్న.

సరే, సాయంత్రం ఆయన్ని నడపమని నేను వెనక కూర్చున్నాను. నిజం చెప్పాలంటే బండిని చూడ్డానికి కాదు, ఆయన్ని చూడ్డానికి. లైసెన్సు ఇచ్చే ఇన్‌స్పెక్టరులాగా భుజం మీంచి తొంగి చూస్తూ, ఎడంచెయ్యి ఎక్కడుంది, గేరు ఎప్పుడు మారుస్తున్నాడు అని కనిపెడుతూ ఉన్నాను. తారు రోడ్డు అయిపోయి తూము దగ్గర గతుకులు మొదలైన చోట బండి ఠక్కున ఆగిపోయింది.

ఆయన ఎడంచెయ్యి క్లచ్ మీద లేదు. మూడో గేరులో, సరైన వేగంలో ఉన్నాడు. బొటనవేలితో హారన్ నొక్కి నాకు చూపించాడు. మోగలేదు. న్యూట్రల్లోకి తెచ్చాడు, మీటరు మీద పచ్చలైటు వెలగలేదు. తాళం తిప్పి తీసి, మళ్ళీ పెట్టి తిప్పాడు. పచ్చలైటు వెలిగింది. ఒక్క కిక్కుకి లేచింది.

"చూశావా" అని కూడా అనలేదు. నేనైతే అనేవాణ్ణి.

*

ఇక్కడ ఆ కాలం బళ్ళ కరెంటు సంగతి కొంచెం చెప్పుకోవాలి. విసుగనిపిస్తే ఒక్క నిమిషం ఓపిక పట్టండి, మజా అంతా ఇక్కడే ఉంది.

అప్పటి వంద సీసీ బళ్ళలో చాలావాటికి ఇంజను నడవడానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇంజనుతోపాటు తిరిగే మాగ్నెటోలో ఒక కాయిల్ ఉంటుంది. దాన్నుంచి వచ్చే కరెంటు సీడీఐ యూనిట్‌లోకి, అక్కణ్ణించి ఇగ్నిషన్ కాయిల్ ద్వారా ప్లగ్గుకి వెళ్ళి స్పార్కు వస్తుంది. బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టినా బండి నడుస్తుంది. హారన్, ఇండికేటర్లు, బ్రేకు లైటు, ఆ పచ్చలైటు ఇవి మాత్రం బ్యాటరీ మీద బతుకుతాయి. అంటే ఒకే బండిలో రెండు వేరు వేరు కాపురాలన్నమాట.

మరి తాళం చేసే పనేమిటి? నేనూ చాలాకాలం తాళం తిప్పితే ఇంజనుకి కరెంటు వెళ్తుంది అనుకునేవాణ్ణి. ఈ బళ్ళలో వ్యవహారం తిరగేసి ఉంటుంది. స్విచ్ నుంచి నాలుగు వైర్లు వస్తాయి. మా బండిలో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, నలుపు మీద తెల్లగీత. (కంపెనీని బట్టి రంగులు మారొచ్చు.) తాళం ఆన్ చేస్తే ఎరుపూ నలుపూ కలిసి బ్యాటరీ కరెంటు హారన్ గట్రాలకి వెళ్తుంది. తెల్లగీత వైరు మాత్రం దేనికీ తగలకుండా ఒంటరిగా ఉంటుంది. ఆఫ్ చేస్తే ఎరుపూ నలుపూ విడిపోతాయి, తెల్లగీత వైరు వెళ్ళి ఆకుపచ్చదానికి, అంటే ఎర్త్‌కి, తగులుతుంది. సీడీఐకి వెళ్ళాల్సిన కరెంటు కాస్తా నేల పాలవుతుంది. స్పార్కు చస్తుంది. ఇంజను సంగతికొస్తే, ఆపడం అంటే కలపడం, నడపడం అంటే విడదీయడం.

ఇప్పటి బళ్ళలో ఇలా కాదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక చాలా బళ్ళకి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటిలో తాళం తిప్పితే బ్యాటరీ కరెంటు కంప్యూటరుకి వెళ్తుంది, అది తెగితే ఇంజను ఆగుతుంది. కాబట్టి పాత బండి మీద నేర్చుకున్నది కొత్తదాని మీద ప్రయోగించకండి.

ఇప్పుడు నాన్న మాటల్ని మళ్ళీ చూడండి. ఇంజను ఆగింది, అదే క్షణంలో హారన్ కూడా పోయింది. ఇంజనుది మాగ్నెటో కాపురం, హారన్‌ది బ్యాటరీ కాపురం. రెండూ ఒకేసారి పడుకున్నాయంటే రెంటికీ ఉమ్మడిగా ఉన్నదేదో దెబ్బతింది. ఉమ్మడివి రెండే. ఒకటి ఎర్త్ వైరు, రెండోది తాళం స్విచ్. ప్లగ్గు పోతే హారన్ ఎందుకు ఆగుతుంది? కార్బురేటరులో మట్టి చేరితే పచ్చలైటు ఎందుకు ఆరుతుంది? సీడీఐ మార్చడం దండగ అని ఆ ఒక్క వాక్యంతోనే తేలిపోవాలి.

రెండు సర్వీసులు ఒకేసారి పడిపోతే ముందు ఆ రెండూ ఆధారపడే మూడోదాన్ని చూడు అని నేను ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి చెబుతూ ఉంటాను. బొమ్మ గీసి మరీ చెబుతాను. మా నాన్న గుంటూరు భాషలో అదే విషయం చెబితే మాత్రం నాకు అర్థం కాలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న పడుకున్నాడు. నేను మోటార్లు రిపేరు చేసే షాపులో మల్టీమీటరు అరువు తెచ్చుకుని పంచలో బండి ముందు కూర్చున్నాను. ఎర్త్ వైరు బిగింపు ముందు చూశాను. గట్టిగానే ఉంది. తరవాత ఫ్యూజు తీసి పక్కన పెట్టాను. (ఈ పని మర్చిపోకండి. ఎర్రవైరులో తాళం ఆఫ్‌లో ఉన్నా కరెంటు ఉంటుంది. బండి ఇనుముకి తగిలిందంటే ఫ్యూజు ఎగిరిపోతుంది.) స్విచ్ వైర్ల కప్లరు ఊడదీసి, మీటరును బీప్ మోత వచ్చే చోట పెట్టి, ఒక మొన తెల్లగీత వైరుకీ ఇంకోటి ఆకుపచ్చదానికీ ఆనించాను.

తాళం ఆఫ్‌లో మోగింది. మోగాలి. ఆన్ చేస్తే ఆగింది. ఆగాలి. వైర్లు అటూ ఇటూ వంచాను. ఏమీ లేదు. హ్యాండిల్ కుడికీ ఎడమకీ తిప్పాను. ఏమీ లేదు. ఈ మీటరు కూడా 'బానే ఉంది బాబాయ్' అనేట్టుంది అనుకుంటూ విసుగొచ్చి హ్యాండిల్ మీద అరచేత్తో ఒక్కటి చరిచాను.

బీప్ మంది.

మళ్ళీ చరిచాను. మళ్ళీ బీప్. అప్పుడు చూశాను. చరిచినప్పుడల్లా తాళానికి వేలాడుతున్న గుత్తి ఎగిరి పడుతోంది.

నాన్న బండి ఎప్పుడూ ఆ గుత్తితోనే నడుపుతాడు. అందులో ఏమేం ఉన్నాయో తరవాత లెక్కపెట్టాం. వీధి గేటుది, ఇంటివి రెండు, బీరువావి రెండు, పొలంలో మోటారు షెడ్డుది, పెట్రోలు ట్యాంకు మూతది, దేనివో తెలియని ఇత్తడివి రెండు, ఆయన రిటైరయ్యి ఇన్నేళ్ళయినా ఇంకా మోస్తున్న సొసైటీ బీరువా డూప్లికేటు ఒకటి, బండిది ఒకటి. పదకొండు. పైన ఇనప రింగు, వెంకటేశ్వరస్వామి బొమ్మ. అమ్మ వంటింటి కాటా మీద పెడితే రెండొందల గ్రాముల పైన తూగింది.

బండి తాళం ఒక్కటే ఉంచి, గుత్తి ఊడదీసి మళ్ళీ చరిచాను. మోగలేదు. ఎంత గట్టిగా కొట్టినా మోగలేదు.

మెకానిక్కు నడిపితే ఎందుకు ఆగలేదో, నేను నడిపితే ఎందుకు ఆగలేదో, ఆయన నడిపితేనే ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. బీరువా తాళాలున్న గుత్తిని మెకానిక్కు చేతికి ఎవరిస్తారు? నాన్న బండి తాళం ఒక్కటీ ఊడదీసి ఇచ్చేవాడు. నాకూ అలవాటుకొద్దీ అలాగే ఇచ్చాడు. అంటే మేమందరం పరీక్ష చేసిన బండి ఒకటి, ఆయన నడుపుతున్న బండి ఇంకొకటి.

మీటరు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చున్నాను. లోపల నాన్న గురక వినిపిస్తోంది. ఈ సంగతి ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు. కప్లరు మళ్ళీ తగిలించేసి, "లాభం లేదు నాన్నా, వైరింగంతా పోయింది" అంటే చాలు. మెకానిక్కు కూడా అదే మాట అంటాడు, ఏర్పాటు ముందే చేసుంచాను. బండి పోతుంది. కాలవ గట్టు, ట్రాక్టర్లు, రాత్రి పూట అమ్మ ఫోన్లు అన్నీ పోతాయి. నేను హైదరాబాదులో నిద్రపోవచ్చు.

ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పను. వచ్చింది, ఐదు నిమిషాలు కూర్చుంది కూడా.

లేపింది అమ్మ. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "దొరికిందా?" అంది. నేను జవాబు చెప్పేలోపే, "మీ నాన్న నన్ను బండెక్కించుకుని రెండు నెలలయిందిరా. గుడికి కూడా ఆటోలోనే పోతున్నా. అడిగితే, నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది, నిన్నెక్కడ పడేస్తానో అన్నారు" అంది.

ఆ నమ్మకం పోవడంలో బండి వాటా ఎంతో, ఫోన్లో నేనన్న మాట వాటా ఎంతో లెక్క కట్టే మీటరు నా దగ్గర లేదు.

"దొరికింది, నాన్నని లేపు" అన్నాను.

*

ఆ సాయంత్రం నాన్న ఎదురుగానే స్విచ్ విప్పాను. కింద ఉన్న ప్లాస్టిక్ పలక నాలుగు పళ్ళ మీద బిగిసి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క పన్నూ మెల్లిగా ఎత్తితే ఊడొస్తుంది. కింద తెల్లగుడ్డ పరుచుకోండి, లోపల చిన్న స్ప్రింగు, ఆవగింజకి పెద్దన్నలాంటి ఉక్కు గోళీ ఉంటాయి. ఎగిరి వెళ్ళాయంటే దొరకవు. (నాది ఎగిరింది. తులసికోట పక్కన నాన్నే వెతికిపెట్టాడు. ఆయన కళ్ళ గురించి కూడా నాకు అనుమానాలుండేవి.)

తాళం తిప్పితే టక్కుమని వచ్చే శబ్దం ఆ గోళీదే. స్ప్రింగు దాన్ని గాడిలోకి నొక్కి, తాళాన్ని ఆన్‌లో నిలబెడుతుంది. ఇరవై ఏళ్ళ గుత్తి బరువుకి గాడి అరిగిపోయింది, తాళం దూరే గొట్టం లూజయింది, ఇత్తడి అరిగి పొడై పాత గ్రీజులో కలిసి నల్లటి ముద్దలా పేరుకుంది. గతుకుల్లో గుత్తి ఎగిరినప్పుడల్లా తాళం ఆన్ నుంచి ఆఫ్ వైపు ఒక వెంట్రుకవాసి జరిగేది. అది చాలు, ఎరుపూ నలుపూ విడిపోవడానికి, తెల్లగీత వెళ్ళి ఎర్త్‌ని పలకరించడానికి.

ఇదేదో మా ఊరి వింత అనుకోకండి. 2014లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ ఇలాంటి స్విచ్ కోసమే దాదాపు 26 లక్షల చిన్న కార్లని వెనక్కి పిలిచింది. వాటి తాళం స్విచ్‌లో కూడా స్ప్రింగు బలం చాలక, గుత్తి బరువుకో మోకాలు తగిలో నడుస్తున్న కారు ఆగిపోయేది. ఇంజనుతోపాటు ఎయిర్‌బ్యాగు కూడా పనిచేసేది కాదు. బాధితుల కోసం ఏర్పాటు చేసిన పరిహార నిధి 124 మరణాలకి ఈ స్విచ్ కారణమని ఒప్పుకుంది. బాగుచేసేదాకా గుత్తులు తీసేసి కారు తాళం ఒక్కటే పెట్టి నడపమని కంపెనీయే చెప్పింది.

అందులో నన్ను నిద్రపోనివ్వనివి రెండున్నాయి. మొదటిది, 2006లోనే అక్కడి ఇంజనీర్లు ఆ స్విచ్‌లో మార్పు చేశారు, కానీ పార్టు నంబరు మార్చలేదు. పాతదీ కొత్తదీ ఒకే నంబరు. దాంతో తరవాత దర్యాప్తు చేసినవాళ్ళకి, కొన్నేళ్ళ కార్లే ఎందుకు ఆగుతున్నాయో ఎంతకీ అంతుపట్టలేదు. కోడు మార్చి వెర్షన్ నంబరు మార్చకుండా వదిలేసినవాణ్ణి మా టీములో ఎలా తిడతామో నాకు తెలుసు. రెండోది, కార్లు నడుస్తూ నడుస్తూ ఆగిపోతున్నాయన్న ఫిర్యాదుల్ని మొదట్లో ఆ కంపెనీ భద్రత లెక్కలో వేయలేదు, కస్టమరు సౌకర్యం లెక్కలో వేసింది. అంటే ఫిర్యాదు అందింది, రాసుకున్నారు, తప్పు డబ్బాలో వేశారు. నేను నాన్న మాటని 'వయసు' అనే డబ్బాలో వేసినట్టు.

*

స్విచ్ కడిగి, సన్న ఎమరీ కాగితంతో రాగి బిళ్ళలు రుద్ది, కొంచెం గ్రీజు రాసి పెడితే మళ్ళీ పనిచేసింది. కానీ గాడి అరిగింది అరిగినట్టే ఉంటుంది కాబట్టి అది ఆర్నెల్ల ముచ్చటే. మర్నాడు తెనాలి వెళ్ళి కొత్తది తెచ్చాం. నాలుగొందల చిల్లర. మీరు కొనాల్సివస్తే పాతది చేత పట్టుకునే వెళ్ళండి, బయటికి ఒకేలా కనబడుతూ లోపల వేరే పద్ధతిలో పనిచేసేవి ఉంటాయి. ఇంకో మాట. ఇలాంటి బాధకి కొందరు, స్విచ్ తీసేసి డైరెక్ట్ చేస్తే పోలా అంటారు. అలా చేస్తే బండి ఆగిపోదు నిజమే, మీరు ఆపినా ఆగదు, పైగా ఎవడు కిక్కు కొట్టినా లేస్తుంది.

పాత స్విచ్‌కి గుత్తి తగిలించి, మీటరు పెట్టి, నాన్నకి చూపించాను. ఆయన చేత్తోనే చరవమన్నాను. బీప్. గుత్తి తీసి చరవమన్నాను. లేదు. చిన్నపిల్లాడిలాగా నాలుగైదుసార్లు కొట్టి చూశాడు.

"అయితే నా చెయ్యి బానే ఉందన్నమాట" అన్నాడు.

నేను మెకానిక్కుకి చేసిన ఫోను గురించి కూడా అప్పుడే చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. "వాడు నాకు ఆ రోజే చెప్పాడ్లే" అన్నాడు స్విచ్ వంకే చూస్తూ. "మీ వాడు భయపడతన్నాడు బాబాయ్ అన్నాడు." అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అన్లేదు.

నా భయం పోయిందా అంటే పోలేదు. స్విచ్ బాగైనంత మాత్రాన ఆయన వయసు తగ్గదు, గట్టు వెడల్పూ పెరగదు. ఏదో ఒకరోజు బండి మానేయమని చెప్పాల్సిరావొచ్చు. ఆ రోజు ఆయన చేతుల్ని చూసి చెప్పాలి, అరిగిన స్విచ్‌ని అడ్డం పెట్టుకుని కాదు. ప్రస్తుతానికి చీకటి పడ్డాక గట్టెక్కను అని ఆయనంతట ఆయనే అన్నాడు, నేను అడక్కుండానే.

సెలవయ్యాక ఆఫీసుకొచ్చి చేసిన మొదటి పని, పండక్కి వెళ్ళేముందు 'మా దగ్గర ఈ సమస్య రావట్లేదు' అని రాసి మూసేసిన ఒక కస్టమరు ఫిర్యాదుని మళ్ళీ తెరవడం. ఆయన పాపం నాలుగు పేరాలు రాశాడు. ఈసారి పూర్తిగా చదివాను.

అన్నట్టు, గుత్తి సంగతి. కొత్త స్విచ్‌కి కొత్త తాళం వచ్చింది. పెట్రోలు ట్యాంకుకి మాత్రం పాతదే ఉంచాం. రెండూ కలిపి ఒక చిన్న రింగులో వేసి నాన్నకి ఇచ్చాం. మిగతా గుత్తి ఎక్కడ పెట్టాలి అన్న చర్చ రెండు నిమిషాలు కూడా సాగలేదు. అమ్మ వచ్చి దాన్ని అందుకుని బొడ్లో దోపుకుంది.

"బీరువా తాళాలు ఇటివ్వమని నలభై ఏళ్ళుగా అడుగుతున్నా" అని, గుడికి తయారవడానికి లోపలికి వెళ్ళింది. నాన్న బండి బయటికి తీశాడు.